ఎక్కేవాళ్లు లేని కోట, ఊపిరాడని గుండం

మొన్న జులైలో మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడు పోస్టర్ పెట్టాడు. ‘వానాకాలంలో హైదరాబాద్ నుంచి వెళ్లి రాదగ్గ పది చోట్లు’ అని. నల్లమల అడవిలోని మల్లెల తీర్థం జలపాతం ఉంది, భువనగిరి కోట ఉంది, ఎత్తిపోతల జలపాతం ఉంది, ఏడో నంబరు దగ్గర మా దేవరకొండ కోట కూడా ఉంది. అన్నిటికీ ఒకే సైజు ఫొటో. అన్నిటి కిందా ఒకే మాట, ‘తప్పక చూడండి’.

మా ఊరి కోట పేరు చూసి సంబరపడాలి కదా. ఎందుకో చిరాకేసింది. ఆ చిరాకు ఎందుకో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. నేను దేవరకొండ వైపు ఒక బడిలో సోషల్ చెప్తాను. చిరాకు వస్తే కారణం వెతుక్కోవడం ఉద్యోగపు అలవాటు. చివరికి తేలింది ఏమిటంటే, కోటల్నీ జలపాతాల్నీ ఒకే లిస్టులో కలిపినందుకే నాకు కోపం. కోట వేరు, జలపాతం వేరు. కోట మనుషులు రాక పాడవుతుంది, జలపాతం మనుషులు వచ్చి పాడవుతుంది. మనమేమో సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. ఆదివారం నల్లమలలో కారు పెట్టడానికి జాగా దొరకదు, అదే ఆదివారం దేవరకొండ గుట్ట మీద మేకలు తప్ప ఎవరూ ఉండరు.

చెప్పడానికి తేలిగ్గా ఉంది కానీ, ఈ మాట మీద నేను గట్టిగా నిలబడగలనా అని నాకే అనుమానాలున్నాయి. అవీ రాస్తాను.

దొరికిందా సార్?

పోయిన ఏడాది చలికాలంలో మా తొమ్మిదో తరగతి పిల్లల్ని కోట ఎక్కించాను. బయల్దేరే ముందు అడిగాను, ఇంతకుముందు ఎక్కినవాళ్లు చేతులెత్తండి అని. 34 మందిలో ఎనిమిది చేతులు లేచాయి. రోజూ బడికొచ్చే దారిలో కళ్లెదురుగా కనబడే కోట అది. గోల్కొండ చూసినవాళ్లు మాత్రం ఇరవై మంది దాకా ఉన్నారు.

కింద ఒకాయన మేకలు తోలుకుంటూ కనిపించాడు. మమ్మల్ని చూసి ఆగాడు. “సారూ, పిల్లల్ని ఆ పడమటి దిక్కు తోలుకపోకుండ్రి. గుడ్డేలుగు తిరుగుతున్నది. పైలం,” అన్నాడు. తర్వాత కాస్త ఆగి, “ఏం జూస్తరు సారూ ఆడ? రాళ్లే గదా,” అని కూడా అన్నాడు. రెండో మాటకు పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఊళ్లో చాలామంది మాట అదే.

దర్వాజలు దాటి పైకి వెళ్తుంటే ఒక చిన్న మంటపం ముందర నేల తవ్వేసి ఉంది. నడుము లోతు గుంత. గట్టున ఎండిన నిమ్మకాయలు, పసుపు మరకలు, కాలిన అగరుబత్తి పుల్లలు. మట్టి ఇంకా పూర్తిగా ఎండలేదు, అంటే ఈమధ్యే తవ్వారు. మంటపం రాతిస్తంభం ఒకటి అడుగున ఆధారం పోయి పక్కకు ఒరిగింది. నేను అప్పటిదాకా పిల్లలకు కాకతీయుల తర్వాతి కథ చెప్తూ వచ్చాను. 1323లో ఓరుగల్లు పడిపోయాక రేచర్ల పద్మనాయకులు ఈ ప్రాంతంలో ఎలా నిలదొక్కుకున్నారు, అన్నదమ్ముల్లో అనపోతానాయకుడు రాచకొండలో, మాదానాయకుడు దేవరకొండలో ఎలా కుదురుకున్నారు అని. గుంత చూడగానే అందరూ దాని చుట్టూ మూగారు. ఒక పిల్లవాడు చాలా ఆశగా అడిగాడు, “దొరికిందా సార్?”

మన దగ్గర కోట గురించి పిల్లలకు సైతం తెలిసిన సంగతి ఒక్కటే, లంకెబిందెలు. ఎవరు కట్టారో తెలియదు, ఎందుకు ఏడు గుట్టల్ని కలుపుతూ గోడ లేపారో తెలియదు, లోపల ఏదో ఉందని మాత్రం తెలుసు. తప్పు పిల్లవాడిది కాదు. వాడు పుట్టినప్పటి నుంచి ఈ కోట గురించి ఇంట్లో విన్నది అదే అయ్యుంటుంది.

గుంత తవ్వినవాళ్లు ఒక్క రాత్రిలో తవ్వి ఉండరు. గడ్డపార చప్పుడు గుట్ట మీద చాలా దూరం వినిపిస్తుంది. అయినా భయపడలేదంటే, ఇటువైపు ఎవరూ రారని వాళ్లకు నమ్మకం. పొద్దున్నే నడకకు పదిమంది వచ్చే చోటు అయితే, సాయంత్రం కాలేజీ పిల్లలు కూర్చుని చదువుకునే చోటు అయితే, రెండో రాత్రికే పట్టుబడేవాళ్లు.

మేక ముట్టని చెట్టు

కోట పాడవడానికి దొంగలొక్కరే కారణం కాదు. అసలు పని చేసేది రావి మొలక. పిట్ట రెట్టలో పడిన గింజ రాళ్ల సందులో మొలుస్తుంది. మొదటి ఏడు రెండాకులు. అయిదేళ్లకు వేరు లోపలికి దిగి డంగు సున్నాన్ని పగలదీస్తుంది. పదేళ్లకు నలుగురు మనుషులు కదపలేని రాయిని మెల్లగా ముందుకు నెడుతుంది. మొదటి ఏడు దాన్ని పీకడానికి చిన్నపిల్లవాడి చెయ్యి చాలు. పదేళ్ల తర్వాత పీకితే చెట్టుతోపాటు గోడ కూడా కిందికి వస్తుంది.

ఆ మొదటి ఏడు పని ఇన్నాళ్లూ చేసింది మేకలు. వంటచెరకు కోసం వచ్చిన ఆడవాళ్లు. ఎవరూ జీతమిచ్చి పెట్టుకోకుండానే కోటకు కాపలాదార్లు. మా చిన్నప్పుడు గోడల మీద ఇంత పొద లేదు. ఇప్పుడు గ్యాస్ పొయ్యిలొచ్చాయి, కట్టెలకు ఎవరూ పోవడం లేదు. మేకలు తోలే పని తర్వాతి తరం వద్దంటోంది. (ఆ పెద్దాయన కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడట, తనే చెప్పాడు.) అంటే అభివృద్ధి అని మనం మెచ్చుకునేవన్నీ ఒక్కొక్కటిగా కోట మీదికి ముళ్లకంపను తెచ్చి పెట్టాయి.

సీతాఫలం సంగతి ఇంకా తమాషా. మా దిక్కు గుట్టలన్నీ సీతాఫలం చెట్లే. మేక దాని ఆకు ముట్టదు, అందుకే అది ఏ కంచె లేకుండా బతికింది. దసరాకు ముందు తండాల ఆడవాళ్లు తెల్లవారకముందే గంపలు పట్టుకుని గుట్ట ఎక్కుతారు. ఆ రెండు నెలలే కోటలో దారులు శుభ్రంగా ఉంటాయి. కొమ్మలు వంచి, ముళ్లు తొక్కి, వాళ్లు వేసిన కాలిబాటల్లోనే తర్వాత మేం ఎక్కేది. చెట్టు లేకపోతే ఆ ఆడవాళ్లు రారు, వాళ్లు రాకపోతే దారి ఉండదు. ఏ టూరిజం బోర్డు మీదా ఈ సంగతి చూడలేదు.

గద్వాలలో కోట మట్టిది. సోమనాద్రి కట్టించింది. రాతికోటల కంటే ఎప్పుడో కరిగిపోవాల్సింది. కానీ లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. వందల మంది పిల్లలు రోజూ కోట దర్వాజలోంచి కాలేజీకి పోతారు. గోడలు మంచిగా ఉన్నాయని చెప్పను, కరుగుతూనే ఉన్నాయి. కానీ ఆ కోట ఊరికి పరాయిది కాలేదు. రాచకొండను చూడండి. సర్వజ్ఞ సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’ రాసిన చోటు. సంస్కృత నాటకశాస్త్రం మీద ఈ దేశంలో వచ్చిన పెద్ద పుస్తకాల్లో అదొకటి, మన నల్గొండ గుట్టల మధ్య పుట్టింది. 2016లో పోలీస్ కమిషనరేట్‌కు రాచకొండ పేరు పెట్టారు. మంచిదే అనుకున్నాను. కానీ మా స్టాఫ్‌రూంలో ఒకసారి రాచకొండ అన్నానో లేదో, పక్క సీటు మాస్టారు, “ఏంది సార్, చలానా పడ్డదా?” అన్నారు.

ఇక్కడ నాకు నేనే అడ్డం తిరుగుతాను. జనం వస్తే కోట బాగుపడుతుందా? గోల్కొండకు రోజూ వేలల్లో వస్తారు. అక్కడ గోడ మీద బాణం గుచ్చిన గుండె బొమ్మలు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. భువనగిరి పైన కూడా పెయింటుతో పేర్లు రాసి ఉన్నాయి. నా పిల్లల్లోనే ఒకడు సుద్దముక్క జేబులో పెట్టుకొచ్చాడు. ఎందుకురా అంటే తల దించుకున్నాడు. ఆ సుద్దముక్క తీసుకుని నా జేబులో వేసుకున్నాను తప్ప నా దగ్గర జవాబేమీ లేదు.

ఒక్క తేడా మాత్రం చెప్పగలను. గోడ మీద పేరు రాసేవాడు సాధారణంగా ఒక్కసారి వచ్చేవాడు. వారం వారం వచ్చేవాడికి ఆ అవసరం ఉండదు, వాడి పేరు అక్కడ అందరికీ తెలుసు. నేను కోటకు జనం కావాలంటున్నది బస్సుల్లో దిగి ఫొటో దిగి పోయే జనం గురించి కాదు. చుట్టుపక్కల ఊరి జనం గురించి. ఖిల్లా ఘనపురం కోటకు ఘనపురం వాళ్లు, దేవరకొండకు దేవరకొండ వాళ్లు. ఇది టూరిజం కాదు, టికెట్ డబ్బులు రావు. అందుకే ఎవరికీ దీని మీద ఆసక్తి లేదేమో.

నీళ్లు ఎన్నింటికి వదుల్తరు?

ఇప్పుడు రెండో సగం.

రెండేళ్ల కింద ఆగస్టులో మా బావమరిది కుటుంబంతో మల్లెల తీర్థం వెళ్లాం. డిండి మీదుగా హైవే ఎక్కి, మన్ననూరు చెక్‌పోస్టు దాటి, వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగాం. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్ల అడవి దారి. సగం దూరంలోనే కార్లు ఆగిపోయాయి. ముందు కార్లు, వెనక కార్లు, రెండు పక్కలా అడవి. ఎవరో కారు డిక్కీ తెరిచి పాటలు పెట్టారు. మూడొందల పైచిలుకు మెట్లు దిగితే కింద గుండం. పచ్చటి పాచి పట్టిన బండ మీంచి నీళ్లు సన్నటి పాయలుగా విడిపోయి జారుతుంటాయి. నిజంగా చాలా అందంగా ఉంటుంది, కాదనను.

గుండంలో ఆరోజు ఎంతమంది ఉన్నారంటే నీళ్లు కనబడలేదు, తలలు కనబడ్డాయి. షాంపూ నురగ ఒక పక్కగా తేలుతోంది. ఒకతను, బహుశా ముందురోజు శ్రీశైలం గేట్లు ఎత్తింది చూసి వస్తున్నాడేమో, అక్కడున్న వాచర్‌ని అడిగాడు, “అన్నా, ఇంకిన్ని నీళ్లు ఎన్నింటికి వదుల్తరు?”

వాచర్ నవ్వలేదు. రోజూ వినే ప్రశ్నే అయ్యుంటుంది. “పైన వానొస్తే వస్తయ్ సార్,” అన్నాడు.

మా వాళ్లేం తక్కువ తినలేదు. పులిహోర పొట్లాలు, చిప్స్, నీళ్ల బాటిళ్లు తెచ్చాం. తిరుగుదారిలో హైవే మీద మా బావమరిది కూతురు కోతికి బిస్కెట్ విసిరింది. వెయ్యొద్దని బోర్డు ఉంది, నేను చదివాను కూడా. నోరు తెరవలేదు. పాప ఏడుస్తుందని. ఆ బిస్కెట్ల కోసమే కోతులు రోడ్డు మీదికొచ్చి టైర్ల కింద పడతాయని నాకు తెలుసు. బడిలో పాఠం చెప్పేటప్పుడు ఇంత మొహమాటం ఉండదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద పెద్ద సంఖ్యే. అంత అడవిలో పదిమంది తిరిగితే ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ జంతువు మొత్తం అడవిలో బతకదు, నీళ్ల చుట్టూ బతుకుతుంది. మనం కూడా నీళ్ల దగ్గరికే పోతాం. అంత పెద్ద అడవిలో సరిగ్గా దుప్పికి, కణితికి, చిరుతకు కావాల్సిన నాలుగు చోట్లే మనకూ కావాలి. ఆదివారం పొద్దంతా మనం కూర్చుంటే అవి రాత్రిదాకా దాహంతో ఆగాలి. అటవీశాఖ వాళ్లు జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఆపేస్తారు. హైవే మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు పోనివ్వరు. అంటే అడవికి విశ్రాంతి కావాలని వాళ్లకు తెలుసు. జలపాతాలు నిండుగా ఉండేది కూడా ఆ వానాకాలంలోనే కావడం అడవి దురదృష్టం.

కోట దగ్గర నేను చెప్పిన సూత్రం ఇక్కడ తిరగబడుతుంది. కోటను రోజూ తొక్కితే దారి నిలుస్తుంది. గుండాన్ని రోజూ తొక్కితే గుండం ఉండదు.

చెంచు పిల్లగాడి ప్రశ్న

అంత తేలిగ్గా ఒప్పుకోని మనిషి ఒకతను అక్కడే కలిశాడు. మెట్ల పైన కార్లు సర్దే చెంచు కుర్రవాడు, ఇరవై ఏళ్లుంటాయి. ఇంత జనం వస్తుంటే మీకు కష్టంగా లేదా అని అడిగాను. నేను కూడా ఆ జనంలో ఒకణ్నేనని మర్చిపోయి అడిగాను. అతను నా వైపు చూసి, “మీరొస్తే గుండం ఖరాబైతది. రాకుంటే నా కూలి పోతది. ఏది మంచిదో మీరే చెప్పుండ్రి సార్,” అన్నాడు.

చెప్పలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. అతని కూలి కార్ల సంఖ్యను బట్టి ఉన్నంతకాలం, అతనికి కార్లు ఎక్కువ రావాలి. అదే అతన్ని అడవి కాచినందుకు పెట్టుకుంటే? అభయారణ్యంలో బేస్ క్యాంపుల్లో వాచర్లుగా ఇప్పటికే చాలామంది చెంచులే ఉన్నారు. జనం వచ్చినా రాకున్నా జీతం ఆగని పని అది. అలాంటివి ఇంకా పెరిగితే అతని ప్రశ్నకు సగం జవాబు. మిగతా సగం చేదుగా ఉంటుంది. కోర్ ఏరియాలో ఊళ్లు స్వచ్ఛందంగా ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ ఉంది. పులి కోసం పెంటలో (చెంచుల గూడేన్ని అలాగే అంటారు) బతికేవాణ్ని బయటికి పొమ్మని అడిగే అడవిలోకే, ఆదివారం పూట నేను టికెట్ కొని కారులో పోతున్నాను. దీన్ని ఏ లెక్కన సమర్థించాలో నాకు తెలియలేదు.

ఇంకో వాదన మా సైన్సు మాస్టారుది. చూడనిదాన్ని ఎవరు ప్రేమిస్తారు అంటారాయన. 2019లో యురేనియం కోసం నల్లమల తవ్వుతారంటే అంత గొడవ ఎందుకైంది, జనం ఆ అడవిని చూసి ఉన్నారు కాబట్టి కదా అని. గట్టి వాదనే. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. కానీ ఆ రోజుల్లో నాకు తెలిసి స్టేటస్‌లు పెట్టినవాళ్లలో సగం మంది నల్లమలలో అడుగు పెట్టినవాళ్లు కాదు. ఊరి ముందు నిలబడి జీపులు ఆపినవాళ్లేమో అక్కడే పుట్టినవాళ్లు. టూరిస్టు ప్రేమ అడవిని కాపాడిందని నాకు నమ్మకం కుదరడం లేదు. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు, ఇంకా వాదిస్తూనే ఉన్నారు.

అన్నిటికంటే నన్ను గుచ్చే అనుమానం వేరే. నేను చూసేశాను కాబట్టి ఇక తలుపు వేసేయమంటున్నానా? మల్లెల తీర్థం రెండుసార్లు, అదే నల్లమలలో లింగమయ్య జాతర జరిగే సలేశ్వరం మూడుసార్లు పోయినవాణ్ని. ఒక్కసారి కూడా పోనివాడు ఈ వ్యాసం చదివి తిట్టుకుంటే న్యాయమే.

లింగమయ్య ఇంటికి మూడు రోజులు

మొదటిసారి సలేశ్వరం పోయింది మా నాయనమ్మతో, ట్రాక్టర్‌లో. అప్పుడు నేను ఆరో తరగతి. చైత్ర పున్నమికి. ఏడాదిలో ఆ నాలుగైదు రోజులే అక్కడికి పోనిచ్చేది. ఇప్పుడు మూడు రోజులకు కుదించారు. ఫరహాబాద్ దగ్గర అడవిలోకి తిరిగి, బండి ఆగిన చోటి నుంచి నడక. లోయలోకి దిగేటప్పుడు అందరూ “వత్తన్నం వత్తన్నం లింగమయ్యా” అని అరుస్తారు. ఎక్కి వచ్చేటప్పుడు “పోతున్నం పోతున్నం లింగమయ్యా” అంటారు. కొండ మీంచి పడే నీళ్ల కింద తడిసి, చెంచు పూజారి చేతి బొట్టు పెట్టించుకుని రావాలి. మిగతా రోజుల్లో ఎందుకు రావొద్దని నేను అడిగితే నాయనమ్మ అన్నది, “ఏడాదంత సుట్టాలొస్తె ఆయనింట్ల ఆయనకు జాగెక్కడుంటది బిడ్డా?”

అదే అడవిలో ఉన్న లొద్ది మల్లయ్య దగ్గరికైతే తొలి ఏకాదశి ఒక్కరోజే. ఈ రెండింటికీ ఏ జీవో అక్కర్లేకుండానే క్యాలెండర్ ఉంది. నాకు నచ్చేది అదే. పోవచ్చు, కానీ ఎప్పుడుబడితే అప్పుడు కాదు. పోయేటప్పుడు వస్తున్నామని చెప్పాలి, వచ్చేటప్పుడు పోతున్నామని చెప్పాలి. అక్కడ ఉండేవాళ్లు వేరే ఉన్నారని, మనం చుట్టపు చూపుగా వచ్చామని ఆ అరుపులోనే ఉంది.

కానీ జాతరను నెత్తిన పెట్టుకుని ఊరేగలేను. చైత్ర పున్నమి అంటే ఏప్రిల్. అడవిలో నీళ్లు బాగా తగ్గి, జంతువులకు ప్రతి మడుగూ ప్రాణమైన సమయం. సరిగ్గా అప్పుడే లక్షల కాళ్లు ఆ లోయలోకి దిగుతాయి. ఇరుకు దారిలో ఒకరి మీద ఒకరు పడే పరిస్థితి. ప్లాస్టిక్ ఎంత ఏరినా మిగులుతుంది. పోయినసారి వెళ్లినప్పుడు మా నాయనమ్మ చూపించిన చెట్టు కింద మంచినీళ్ల ప్యాకెట్ల గుట్ట ఉంది. పైగా పేపర్లవాళ్లు ‘తెలంగాణ అమర్‌నాథ్’ అని పేరు పెట్టాక జనం ఇంకా పెరిగారు. సలేశ్వరానికి సలేశ్వరం అనే పేరు చాలదా?

కాబట్టి నేను అడుగుతున్నది జాతరను కాదు, జాతరలోని తలుపును. మల్లెల తీర్థానికి కూడా వారంలో రెండు రోజులు, రోజుకు ఇన్ని బండ్లు అని ఒక తలుపు పెట్టొచ్చు. గుండంలో దిగకుండా పై నుంచి చూసి వచ్చే ఏర్పాటు చేయొచ్చు. ఎత్తిపోతల దగ్గర అదే కదా చేసింది. చంద్రవంక 70 అడుగుల నుంచి దూకుతుంటే మనం లోయకు ఇవతల నిలబడి చూస్తాం. తడవలేదని ఎవరూ ఏడుస్తూ ఇంటికి రావడం చూడలేదు. కింద మొసళ్లు ఉన్నాయని కూడా ఒక భయం ఉంటుందనుకోండి.

అమ్మ మోకాళ్లు

ఇక భువనగిరి. ఇక్కడ నా సూత్రం నన్నే ఇరికించింది.

కేంద్రం టూరిజం పథకం స్వదేశ్ దర్శన్ 2.0 కింద భువనగిరి కోటకు రోప్‌వే మంజూరైందని చదివినప్పుడు మొదట ఒళ్లు మండింది. చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి బిరుదు త్రిభువనమల్లుడు, ఆ పేరు మీదే త్రిభువనగిరి. ఒక్కటే రాయి, దగ్గరదగ్గర 500 అడుగులు. మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా, ఆ పిల్ల బండ ఎక్కడం నేర్చుకున్నది ఈ రాతి మీదే. అలాంటి చోట తీగ మీద తొట్లో కూర్చుని పైకి పోవడమా అనుకున్నాను. కోట అంటే పైనున్న శిథిలాలు కాదు, పైకి పోయే దారి. ఎక్కేవాడికి ఆయాసం వచ్చే చోటే దర్వాజ పెట్టారు, మలుపు తిరగగానే పై నుంచి రాయి దొర్లించే వీలు పెట్టారు. తీగ మీద పోయేవాడికి ఆ తెలివి ఏదీ కనబడదు. సరాసరి పై అంతస్తులో దిగి గాలి బాగుందంటాడు.

ఇదంతా ఇంట్లో గట్టిగానే అన్నాను. మా అమ్మ బియ్యం ఏరుతూ విన్నది. భువనగిరి పక్కనే ఆమె పుట్టిల్లు. పెళ్లికి ముందు ఒక్కసారి ఎక్కిందట, చెల్లెళ్లతో. ఇప్పుడు రెండు మోకాళ్లూ పోయాయి, బస్సు మెట్టు ఎక్కడమే గగనం. “నీకేం, కాళ్లున్నయి,” అన్నది. ఇంకేం అనలేదు.

కోటకు ఊరి జనం కావాలని ఇంతసేపూ రాసింది నేనే. ఊరి జనంలో మోకాళ్లు పోయినవాళ్లు లేరా? పైగా భువనగిరి ఒక్క బండ, అక్కడ తీగ కట్టడానికి అడవి కొట్టేదేమీ లేదు. జంతువుకు అడ్డం పోయేదీ పెద్దగా లేదు. నేను నల్లమలలో రోప్‌వేకు వద్దంటాను, ఎన్నిసార్లయినా వద్దంటాను. భువనగిరిలో అదే మాట అనడానికి నా దగ్గర మిగిలింది నా ఆయాసం మీద నాకున్న గర్వమే. అది చాలదని అనిపించి, ఆ విషయంలో నోరు మూసుకున్నాను. కడుపులో మంట మాత్రం పూర్తిగా చల్లారలేదు. అమ్మకు చెప్తే, “అది కట్టేదాక నేనుండాలె గదా,” అని నవ్వింది.

ఇది సగం రాసి పక్కన పెట్టిన రోజు పోస్టర్ పెట్టిన మిత్రుడు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. వచ్చే ఆదివారం రెండు కార్లలో మల్లెల తీర్థం పోతున్నారట. నువ్వు అటువైపు వాడివి కదా, దారి లొకేషన్ పెట్టు అన్నాడు. కాసేపు ఆలోచించి దేవరకొండ కోట లొకేషన్ పంపాను. సీతాఫలాలు పండే రోజులు, పొద్దున్నే వస్తే తండా ఆడవాళ్ల దగ్గర గంప కొనుక్కోవచ్చు, నేను దగ్గరుండి చూపిస్తాను అని కూడా రాశాను.

“అక్కడ నీళ్లుంటాయా?” అన్నాడు.

పైన కోనేరు ఉంది, కాకపోతే ఎక్కాలి అని రాశాను. రెండు నీలి టిక్కులు పడ్డాయి. జవాబింకా రాలేదు.